పలకలో నలుగురు

ఆట పోయిన రోజు సాయంత్రం ఆమె హెడ్‌ఫోన్లు తుడుస్తోంది. స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో చెవికి ఆనే మెత్తలను ఒక్కొక్కటిగా గుండ్రంగా తుడిచి, ఆరడానికి కౌంటర్ మీద బోర్లా పెట్టాలి. వేళ్లు సరిగా వంగవు కాబట్టి ఆమె గుడ్డను పిండదు. రెండు అరచేతుల మధ్య పెట్టి అదుముతుంది. కారిన స్పిరిట్ చల్లగా మోచేతి దాకా పాకింది.

గేమ్ సెంటర్‌లో గిరాకీ పలచబడింది. చివరి కుర్చీల్లో కూర్చున్న కాలేజీ పిల్లలు తమ టైమ్ అయిపోయిందంటే నమ్మక, ఆమెను గోడ గడియారం చూడమన్నారు. ఆమె చూడలేదు. స్విచ్ కట్టేసింది. వాళ్లు గొణుక్కుంటూ వెళ్లాక షట్టర్ సగం దాకా దించింది. రోజూ ఆ సగం షట్టర్ కింద నుంచి వంగి లోపలికి వచ్చేవాళ్లే ఆమె జట్టు.

"డాక్టరమ్మా, టైమైంది!" అంటూ ముందుగా పొట్టి వచ్చాడు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు పంచుతాడు. పేరుకే పొట్టి, షట్టర్ కింద దూరడానికి అందరికంటే ఎక్కువ వంగాల్సింది అతనే.

"వస్తున్నా గాని, నువ్వు ముందు ఆ బూట్లు బయట విడువు. నిన్నటి నీ బురద ఇంకా కుర్చీ కింద ఉంది."

"బూట్లు పోతే పూచీ ఎవరిది వదినా?"

"నీ బూట్లు ఎత్తుకుపోయేవాడు ముందు ముక్కు మూసుకోవాలి. మూసుకున్న చేత్తో ఎలా ఎత్తుతాడు?"

ఆటలో ఆమె డాక్టరమ్మ, ఆట బయట మరిదికి స్నేహితుడు కాబట్టి పొట్టికీ ఆమె వదినే. మరిది అప్పటికే తన కుర్చీలో వెనక్కి వాలి మెడ విరుచుకుంటున్నాడు. సెంటర్ అతనిదే, జట్టుకు కెప్టెన్ అతనే. పక్కన అతని భార్య, ఆమె తోడికోడలు, ఆఫీసు చీరలోనే వచ్చి కూర్చుంది. నాలుగోవాడు లెక్చరర్. కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు, ఆటలో మేడ మీద నుంచి గురిపెట్టి కాలుస్తాడు, రెండు చోట్లా కిందికి దిగడు.

ఆమె చోటు వెనక గదిలో. ముందు గదికీ దానికీ మధ్య ప్లైవుడ్ అడ్డు ఒక్కటే. గోడకు చేరగిలబడి, ఒళ్లో దిండు పెట్టుకుని, దిండు మీద పలక పెట్టుకుంటుంది. రెండు చేతులా పట్టుకుని ఆడే ఆ చిన్న యంత్రాన్ని ఇంట్లో అందరూ పలకే అంటారు. కీళ్లు వాచి మౌస్ పట్టుకోలేని స్థితి వచ్చినప్పుడు భర్త దాన్ని కొనుక్కొచ్చాడు. దాన్ని నడిపించే విండోస్ తీసేసి, ఆ బదులు లినక్స్ ఎక్కించాడు. ఆమె వేళ్లు ఎంత వంగుతాయో తన వేళ్లతో కొలిచి చూసుకుంటూ బటన్లన్నీ మార్చాడు. కాల్చేది వెనక, మందు వేసేది బొటనవేలి కింద, తోటివాళ్లను పిలిచేది అరచేయి ఆనే చోట. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆ రోజు పలకలో, ఆట మొదలవగానే రోజూ వచ్చే వంతెన కనిపించలేదు. బూడిదరంగు తెర మీద రెండు వాక్యాలు మాత్రం ఉన్నాయి. ఆటకు కొత్త కాపలా ప్రోగ్రామ్ వచ్చిందని, ఈ రకం యంత్రం మీద ఇక నడవదని. ఆపి మళ్లీ వేసింది. అవే వాక్యాలు. పలకను దిండుతో సహా ఎత్తుకుని ముందు గదిలోకి వచ్చింది.

లెక్చరర్ కళ్లజోడు పైకి తోసుకుని చదివాడు. "ఓ, మొదలెట్టేశారా? లినక్స్ సందులోంచి దొంగాట ఆడేవాళ్లు దూరుతున్నారట. కంపెనీవాళ్లు ఆ తలుపే మూసేశారు."

"నేనేం దొంగాట ఆడాను?"

"మీరు ఆడారని కాదమ్మా. ఆడగలరని."

"అక్కకి దొంగాట వస్తే మనం ఇన్నిసార్లు ఓడేవాళ్లమా?" అంది తోడికోడలు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"విండోస్ ఎక్కిస్తే సరిపోతుంది వదినా. ఒక పూట పని," అన్నాడు మరిది.

"అయితే ఎక్కించు."

"అన్నయ్య పెట్టిన బటన్లన్నీ చెరిగిపోతాయి. మళ్లీ మొదటి నుంచీ పెట్టుకోవాలి. అవన్నీ అందులో కుదురుతాయో లేదో."

ఆమె పలక వైపు చూసింది. బటన్ల మీద ఆయన అంటించిన గరుకు కాగితపు ముక్కలు అరిగి నున్నబడ్డాయి.

"చెరిగిపోతే పోనీ. కొత్తగా నేర్చుకుంటాను."

ఆ జవాబు వస్తుందని అతను అనుకోలేదు. "చూద్దాంలే," అని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఎదుటి మందుల షాపులో పనిచేసే అమ్మాయికి ఫోన్ చేశారు. ఈ ఒక్క రోజుకి, అన్నారు. ఆ అమ్మాయి షట్టర్ కింద నుంచి వంగి వచ్చి, "బాగున్నారా ఆంటీ," అని ఐదో కుర్చీలో కూర్చుంది. ఆమె హెడ్‌ఫోన్లు ఇంకా ఆరలేదని చెప్పబోయి, పొడి గుడ్డతో తనే తుడిచి ఇచ్చింది.

*

మర్నాడు భోజనాల దగ్గర ఆమె కంచం కడుగుతూ అంది, "అక్క రమ్మంటోంది. వెళ్లి అక్కడే ఉండిపోదామనుకుంటున్నాను. సాయంత్రం ఆ కాసేపు ఆట కూడా లేకపోతే నేనిక్కడుండి చేసేదేముంది?"

బెదిరించాలని అనలేదు. కుళాయి కట్టేసి, కంచం బోర్లించి, తడి చేతులు కొంగుకు అద్దుకుంది. మరిదీ అతని భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున షట్టర్ ఎత్తినప్పటి నుంచి చీకటి పడేదాకా కౌంటర్ ఆమెదే. అతను ఎండ నడినెత్తికి వస్తే గాని లేవడు. తోడికోడలికి ఆఫీసు. కుర్చీల పంచాయితీలు, తెగిన వైర్లు, పిల్లలు పారేసిన చిరుతిళ్ల కాగితాలు, అన్నీ ఆమె చూసుకుంటుంది.

అదే రోజు సాయంత్రానికి మరిది పలక తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"దారి దొరికింది వదినా. విండోస్ అక్కర్లేదు. ఈ ఆకుపచ్చ గుర్తు నొక్కు, తిన్నగా మా దగ్గరికి వచ్చేస్తావు. మాట మాత్రం వినపడదు, ఆ ఒక్కటీ కుదరలేదు."

"నిజంగానా?"

"నీ మరిదంటే ఏమనుకున్నావు మరి!"

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ అరిగిన కాగితాలు అలాగే ఉన్నాయి. బటన్లు అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. గుర్తు నొక్కింది. వంతెన వచ్చింది. కెప్టెన్, మెరుపు, లెక్చరర్, పొట్టి, నలుగురి పేర్లూ నలుగురి తలల మీదా వెలుగుతున్నాయి. మెరుపంటే తోడికోడలు.

ఆట తేలికైనదే. ఒక జట్టు ఐదుగురూ వంతెన దాటాలి, ఎదుటి ఐదుగురూ దాటనివ్వకూడదు. డాక్టరమ్మ పని పడిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లి మందు వేసి లేపడం. ఆ సాయంత్రం గెలిచారు. అడ్డుగోడ అవతల నుంచి కేకలు వినపడుతూనే ఉన్నాయి. అవి తన ఆటకు కాస్త ముందూ వెనకా పడుతున్నాయనిపించింది. దారి చుట్టు తిరిగి వస్తుంది కదా, ఆలస్యం ఉంటుంది అనుకుంది.

రెండో సాయంత్రం ఆమెకు ఆట మీద మనసు నిలవలేదు. ముందుగా పొట్టి. ప్రతి ఆట మొదట్లో వంతెన పిట్టగోడ ఎక్కి, ఆమె చుట్టూ రెండు చుట్లు గంతులు వేసి, వంగి దండం పెట్టేవాడు. మధ్యలో కాలు జారి నీళ్లలో పడిపోయిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు నిటారుగా నిలబడి ఉన్నాడు. తర్వాత లెక్చరర్. ఆమె పడిపోయి పిలుపు బటన్ నొక్కితే మేడ దిగి పరుగెత్తుకొచ్చాడు. ఇన్నాళ్లలో లెక్చరర్ పిలిస్తే వచ్చింది లేదు. "ఇక్కడ నాకు కోణం బాగుందమ్మా," అనేవాడు. ఆకాశం కూడా నిన్నటిలాగే ఉంది. మబ్బు లేదు, నీడలు లేవు, మిట్టమధ్యాహ్నం.

ఆ మధ్యాహ్నాన్ని ఆమె ఎరుగును. భర్త ఆమెకు ఆట నేర్పినప్పుడు మొదట కూర్చోబెట్టింది ఆ వెలుగులోనే. అక్కడ ఆడేవి మనుషులు కారు, బాట్‌లు. కంప్యూటరే నడిపే బొమ్మలు. నెట్ అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. ఆయన నాలుగింటికీ కూరగాయల పేర్లు పెట్టాడు. "వంకాయ పడిపోయింది, లేపు లేపు," అని ఆయన అరుస్తుంటే ఆమె నవ్వి నవ్వి బటన్ నొక్కలేకపోయేది.

అవతల పెద్దగా కేక లేచింది. పొట్టి గొంతు, "వెనక చూడు, వెనక!" పలకలో పొట్టి వెనక ఎవరూ లేరు.

ఆమె పలకను దిండు మీద పెట్టి లేచింది. చెప్పులు వేసుకోలేదు. అడ్డుగోడ తలుపు దగ్గర నిలబడితే ఐదు తెరలూ కనిపించాయి. అయిదింటిలోనూ రాత్రి, వాన. వంతెన దీపాలు నీళ్లలో వణుకుతున్నాయి. ఐదో కుర్చీలో మందుల షాపు అమ్మాయి ముందుకు వంగి కూర్చుని ఉంది. "సూపర్ డాక్టరమ్మా!" అని మరిది ఆ అమ్మాయి భుజం తట్టాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉండటంతో ఎవరూ తల తిప్పలేదు.

ఆట ముగిసేలా ఉన్నప్పుడు పొట్టి ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ తప్పించి, "ఇది బాగాలేదు కెప్టెన్. చెప్పేద్దాం. ఆవిడకి తెలిస్తే ఎలా ఉంటుందో చూసుకో," అన్నాడు.

"తెలియదులే. సంతోషంగా ఉంది. నీకేం బాధ?"

"సంతోషంగా ఉంది కాబట్టే బాధ."

"నీ సొదాపి ముందు చూడరా బాబూ."

ఆమె వెనక్కి వచ్చింది. పలకలో తన డాక్టరమ్మ వదిలేసిన చోటే కదలకుండా నిలబడి ఉంది. ఆమె చుట్టూ నలుగురూ నాలుగు వైపులా తిరిగి కాపలా కాస్తున్నారు. ఆమె చాలాసేపు ఏ బటనూ నొక్కలేదు. వాళ్లు కదల్లేదు.

*

ఏడవలేదు. పొద్దున్నే లేచి షట్టర్ ఎత్తింది, కీబోర్డులు ఒక్కొక్కటీ తలకిందులు చేసి తట్టింది, రాలిన చెత్తను చేటలోకి ఊడ్చింది. మరిది కళ్లు నులుముకుంటూ టీ కోసం వచ్చినప్పుడు గ్లాసు అందిస్తూ అడిగింది.

"నిన్న వంతెన మధ్యలో నేను పడిపోతే నువ్వలా వదిలేసి పోయావేం?"

నిన్న ఆమె పడింది మేడ దగ్గర, వంతెన మధ్యలో కాదు. పడినా బాట్ వదిలేసి పోదు. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా అలా అడుగుతానని ఆమెకే తెలియదు.

మరిది గ్లాసు వైపు చూశాడు. "అది... చూసుకోలేదు వదినా. సారీ."

"మూడుసార్లు పిలిచాను."

"హడావుడిలో ఉన్నాను. తప్పయింది. ఇంకోసారి అలా జరగదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఆమె అతని మొహం వైపే చూస్తూ ఉంది. అబద్ధం ఆడుతున్న మొహానికి ఏదో తేడా ఉంటుందనుకుంది ఇన్నాళ్లూ. టీ ఊదుకుని తాగాడు. ఇంకాస్త పంచదార అడిగాడు. ఆమె వేసింది.

సాయంత్రం షట్టర్ కింద నుంచి లెక్చరర్ తల కనపడగానే, "ఏమండీ, నిన్న మీరు కాల్చిన తూటాలన్నీ గోడకే తగిలాయి. కళ్లజోడు మార్చుకోవాలేమో చూసుకోండి," అంది. లెక్చరర్ నోరు తెరిచి మరిది వైపు చూశాడు. మరిది కళ్లతో సైగ చేశాడు. "అవునమ్మా, నిన్న నాకు... గురి కుదరలేదు," అన్నాడు లెక్చరర్. తన గురి గురించి ఆయన అలాంటి మాట అనడం ఆ గదిలో ఎవరూ వినలేదు. మందుల షాపు అమ్మాయి కిసుక్కున నవ్వబోయి ఆపుకుంది. ఆ అమ్మాయి ఎందుకొచ్చిందని ఆమె అడగలేదు. చూడటానికి వచ్చిందని వాళ్లు చెప్పారు.

ఆ రోజు నుంచి అది ఆమెకు అలవాటయింది. వెనక గదిలో ఆడేది కాసేపే. మర్నాడు ఏం అడగాలో ఆలోచించుకోవడంలోనే ఆమెకు రుచి దొరికింది. ఒకరిని ఒకటి అడిగేది, ఇంకొకరిని విడిగా అదే అడిగేది. "నిన్న చివర్లో ఎలా గెలిచాం?" అంటే తోడికోడలు ఎడమ వైపు నుంచి చుట్టేశామని చెప్పింది. లెక్చరర్ తన వల్లే అన్నాడు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, "నిన్న మనం ఓడిపోయాం కదా?" అంది. తోడికోడలు మొహం పాలిపోయింది. "అవునక్కా, మొన్నటిది చెబుతున్నాను. మతిమరుపు ఎక్కువైంది నాకు."

"ఈ వయసుకేనా? డాక్టర్‌కి చూపించుకో. నేను ఆటలో డాక్టర్నే గాని ఈ రోగానికి నా దగ్గర మందు లేదు."

రెండు రోజులకు మరిది, "ఛార్జింగ్ సరిగా ఎక్కుతోందా, చూస్తాను," అంటూ పొద్దున్నే లేచి పలక అడిగాడు. ఇచ్చింది. ఆడిన ఆటలన్నీ పలకలో రికార్డవుతాయి. కౌంటర్ దగ్గర నుంచి ఆమెకు అద్దంలో కనిపిస్తూనే ఉంది. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా తోడికోడలు, కళ్లు మూతలు పడుతున్నా మరిది, ఇద్దరూ పలక మీద వంగి, తమ పేర్లు పెట్టుకున్న బొమ్మలు ఎక్కడ నిలబడ్డాయో, ఎక్కడ పడ్డాయో చూస్తున్నారు. "ఇక్కడ నువ్వు కుడి వైపు వెళ్లావు. గుర్తుపెట్టుకో," అంటున్నాడు అతను. "నేనెందుకు వెళ్లాను కుడి వైపు?" అంది తోడికోడలు. "నాకేం తెలుసు? వెళ్లావు!" ఆమెకు నవ్వొచ్చింది. వాళ్లు వినేలా దగ్గింది. ఇద్దరూ ఉలిక్కిపడి పలక తెర ఆర్పేశారు.

రికార్డు చూసి వచ్చినా ప్రయోజనం లేకపోయింది. ఆమె అడిగేవి జరగనివి. జరగలేదని చెప్పాలంటే తాము చూశామని చెప్పాలి, ఆడలేదని చెప్పాలి. ఒప్పుకుని తప్పయిందనడమే వాళ్లకు తేలిక. అలా రోజూ ముగ్గురి చేతా తప్పయిందనిపించుకుని ఆమె నిద్రపోయేది.

నిద్ర బాగా పట్టేది. అంతకు ముందు ఎన్నో నెలలుగా పట్టలేదు.

*

పొట్టి ఈ పరీక్షల్లో మొదటి నుంచీ పనికిరాలేదు. ఏం అడిగినా చెవుల దాకా ఎర్రబడేవాడు. తడబడి, తల గోక్కుని, బూట్ల దగ్గరికి పోయి ఇప్పిన తాళ్లు మళ్లీ కట్టుకునేవాడు. ఆమె ఏదైనా అడిగేలోపే మరిది అతన్ని ఏదో పని మీద బయటికి పంపేయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, సెంటర్ నిండుగా ఉన్న వేళ, పార్సిల్ సంచీ భుజాన వేసుకుని పొట్టి ఒక్కడే వచ్చాడు. కౌంటర్ మీద ఒక పెట్టె పెట్టాడు. మౌస్‌లు ఉన్న పెట్టె. సంతకం కోసం ఫోన్ చాపాడు. ఆమె వంకర వేలితో గీత గీసింది. అతను వెళ్లలేదు.

"వదినా, నీతో ఒక మాట చెప్పాలి."

అతను ఏం చెప్పబోతున్నాడో ఆమెకు తెలుసు. చెప్పనిస్తే చాలు. అడ్డుగోడ పక్కన నిలబడి ఆమె విన్న ఆ ఒక్క మంచి మాట ఇతనిదే.

"ముందు నా మాట విను. నిన్న నన్ను వెనక నుంచి కాల్చింది నువ్వేగా."

"నేనా?"

"పడిపోయేటప్పుడు తెర మీద నీ పేరే కనిపించింది. అందరూ వదిలేసినా నువ్వు మాత్రం అలాంటివాడివి కాదనుకున్నాను."

"వదినా, నేను కాదు. నేను అసలు—"

"అసలు?"

దగ్గర కుర్చీలోని పిల్లలు ఆట ఆపి ఇటు తిరిగారు. పొట్టి వాళ్లను చూశాడు, ఆమెను చూశాడు. సంచీ పట్టీని వేలి చుట్టూ చుట్టుకుంటున్నాడు.

"అసలు ఏమిటి? చెప్పు. ఆయన ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో అన్నం తిన్నావు. బూట్లతో తొక్కిన నేల రోజూ తుడిచాను. ఎదురుగా దండం పెట్టడం, వెనక నుంచి కాల్చడం, ఇదేనా నువ్వు నేర్చుకుంది?"

మాట గట్టిగానే అంది. తక్కిన ముగ్గురినీ ఎన్ని అన్నా వాళ్లు తప్పయిందని అక్కడే మరిచిపోయేవారు. నలుగురిలో దెబ్బ తగిలేది ఇతనొక్కడికే. అది ఆమెకు తెలుసు, తెలిసే ఇతని మీదికి ఎక్కువ విసిరింది. అతని కళ్లు నిండాయి. అంత పొడుగు మనిషి పిల్లల ముందు ముంజేత్తో మొహం తుడుచుకున్నాడు.

"నేనే వదినా. నేనే చేశాను. తప్పు నాదే."

అతను దేనికి తప్పు ఒప్పుకుంటున్నాడో ఇద్దరికీ తెలుసు. ఆమె గుర్తించనట్టే కూర్చుంది. పెట్టె పైన అంటించిన టేపు కొసను గోటితో గీకసాగింది.

"సరే వెళ్లు. సాయంత్రం ఆటలో చూసుకుందాం."

అతను సంచీ సర్దుకుని వెళ్లాడు. షట్టర్ పూర్తిగా ఎత్తే ఉంది. అయినా అలవాటుగా వంగి బయటికి వెళ్లాడు.

ఆ సాయంత్రం రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పలకలో మాత్రం పొట్టి వేళకు వచ్చి, మబ్బులేని వెలుగులో, ఆమె పక్కన నిటారుగా నిలబడ్డాడు. ఆమె డాక్టరమ్మను తీసుకెళ్లి పిట్టగోడ ఎక్కించింది. అతని చుట్టూ రెండు చుట్లు తిప్పింది. అతను ఎదురుగా ఉన్న శత్రువుల వైపే చూస్తున్నాడు.

*

ఆదివారం పెద్ద వీధి గేమ్ సెంటర్ వాళ్లతో పోటీ ఉంది. శనివారం మధ్యాహ్నం మరిది ఫోన్ మీద ఫోన్ చేశాడు. పొట్టి ఎత్తలేదు. చివరికి షిఫ్టు మారిందని, ఇక రావడం కుదరదని మెసేజ్ పెట్టాడు. మరిది ఇంకెవరెవరికో చేశాడు. ఒకరికి పెళ్లి, ఒకరికి జ్వరం. ఐదుగురు లేని జట్టు ఆడకుండానే ఓడినట్టు లెక్క.

సాయంత్రం అడ్డుగోడ తలుపు దగ్గర అతను నిలబడ్డాడు. వెనక తోడికోడలు, ఆమె వెనక లెక్చరర్. మంచం మీద ఆమె అప్పుడే దిండు ఒళ్లో పెట్టుకుంది.

"వదినా, ఆ పలక ఇటివ్వు. విండోస్ ఎక్కిస్తాను. రాత్రికల్లా అయిపోతుంది."

"ఇప్పుడెందుకు?"

"రేపు పోటీ కదా. ఇంకా బాగా నడుస్తుందని."

"ఇప్పుడు బాగానే నడుస్తోందిగా. నిన్న గెలిచాం కూడా. గెలవలేదూ?"

అతను తల ఊపాడు. "గెలిచాం."

"మరి?"

"అది కాదు వదినా. మాట కూడా వినపడుతుంది. అందరం ఒకచోట... నువ్వు ముందు గదిలోకే వచ్చి కూర్చోవచ్చు. ఒక కుర్చీ పక్కకి జరిపి, నీ దిండుకి చోటు చేస్తాం."

అదే ఆమెకు కావలసింది. ఆట పోయిన రోజు నుంచీ కావలసింది అదొక్కటే. ఆమె చేతులు పలక కిందికి వెళ్లాయి. ఎత్తి ఇవ్వడానికి సిద్ధంగా అక్కడే ఆగాయి.

"ఏం, ఎవరైనా తగ్గారా?"

"పొట్టి రావట్లేదు."

"రాకపోవడమేమిటి? నిన్న నా పక్కనే ఉన్నాడుగా. లెక్చరర్ గారూ, మీరు చూడలేదూ?"

లెక్చరర్ కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టాడు. "చూశాను," అన్నాడు తుడుస్తూనే.

"నువ్వు?"

"చూశానక్కా," అంది తోడికోడలు.

"నేను, మీరు ముగ్గురు, పొట్టి. రోజూ ఆడుతున్న ఐదుగురం ఉండగా కొత్తగా ఎవరు కావాలి మీకు?"

మరిది చేయి ఇంకా చాచే ఉంది. ఆమె అతని మొహం వైపు చూస్తూ కూర్చుంది. ఈసారి ప్రశ్న ఏదీ సిద్ధం చేసుకోలేదు. ఉన్న మాట అతను అంటే చాలు, ఏ పదాలతో అన్నా సరే, పలక ఇచ్చేసేది. ఒక్కొక్క బటన్ మళ్లీ నేర్చుకునేది. అతను పెదవి తడుపుకున్నాడు. భార్య వైపు చూశాడు. "అక్కా..." అని తోడికోడలు మొదలుపెట్టి, గుమ్మం పక్కన ప్లైవుడ్ లేచిపోయిన చోట గోటితో నొక్కుతూ ఊరుకుంది. ఒళ్లో పలక తెర మసకబారి, ఆరిపోయింది.

"అయితే... అలాగే ఉండనీ వదినా," అన్నాడు మరిది. "బాగానే నడుస్తున్నప్పుడు కదపడం ఎందుకు."

చాచిన చేత్తో దీపం స్విచ్ వేసి వెళ్లాడు. ఇంకా వెలుతురు ఉంది, దీపం అక్కర్లేదు.

ఆదివారం పెద్ద వీధి వాళ్లు ఐదుగురూ వచ్చారు. ఇటు మందుల షాపు అమ్మాయితో కలిపి నలుగురే. నిలబడే నవ్వుకుని, గెలిచినట్టు రాయించుకుని, టీ తాగి వెళ్లారు. టీలు ఆమే అందించింది. ఖాళీ గ్లాసులు ఏరుకొచ్చి కడిగి, పొట్టి కుర్చీ దగ్గర ఎవరూ వాడని హెడ్‌ఫోన్లు కూడా తుడిచి పెట్టింది. సాయంత్రం వెనక గదిలో వంతెన దాటింది. సోమవారం మరిది టీ కోసం వచ్చినప్పుడు, నిన్న ఎందుకు అంత వెనకబడ్డావని అడిగింది. తప్పయిందన్నాడు.

జరిగిందేమిటో ఇంతవరకూ ఆమెకు వాళ్లెవరూ చెప్పలేదు. పొట్టికి ఆమె ఇంకా ఫోన్ చెయ్యలేదు.